క్రైస్తవ జీవితంలో సంతోషం, దుఃఖం

రోజువారీ బతుకులో ఎదురయ్యే సంతోషాన్ని, దుఃఖాన్ని క్రైస్తవ మతం ఎలా అర్థం చేసుకుంది, వాటి మధ్య ఎలా మెలగమంది అన్నది ఈ వ్యాస విషయం. వేదాంత గ్రంథాల్లో దీనికంటూ ఒక శాఖ లేదు. కీర్తనల పుస్తకంలో, పౌలు ఉత్తరాల్లో, సన్యాసుల అనుభవాల్లో, పాటల్లో, ఆదరణ కూడికల్లో, ఇంటింటి సాయంకాల ప్రార్థనల్లో దీన్ని వెతుక్కోవాలి.

సుఖం వచ్చినా దుఃఖం వచ్చినా చలించని స్థితప్రజ్ఞుడి ఆదర్శం తెలుగు పాఠకుడికి చిరపరిచితం. గ్రీకు, రోమను లోకంలో స్టోయిక్కులు కూడా ఇంచుమించు అలాంటి నిబ్బరాన్నే బోధించారు. క్రైస్తవంలోని ప్రధాన సంప్రదాయం ఆ దారి పట్టలేదు. సంతోషించవలసిన చోట మనసారా సంతోషించాలి, ఏడవవలసిన చోట ఏడవాలి, రెండూ దేవుని ఎదుట, తోటివారితో కలిసి చేయాలి అన్నది దాని సారం. నిజమైన విశ్వాసి ఏడవకూడదనే మాట ఈనాడు తెలుగు సంఘాల్లో తరచుగా వినిపిస్తుంది. దానికి బైబిల్లో గానీ చరిత్రలో గానీ దొరికే ఆధారం చాలా తక్కువ.

పాత నిబంధనలో

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలు, విలాపాలు. జబ్బు, శత్రువుల వేధింపు, స్నేహితుడు చేసిన ద్రోహం, దేవుడు తనను మరచిపోయాడేమోనన్న అనుమానం, అన్నీ వాటిలో ఉన్నాయి. వాటికి ఒక నడక ఉంటుంది. ముందు దేవుణ్ణి పిలవడం, తర్వాత గోడు వెళ్లబోసుకోవడం, సాయం అడగడం, చివర నమ్మకాన్నో కృతజ్ఞతనో పలకడం. 13వ కీర్తన ఆరు వచనాల్లోనే ఇంత దూరమూ నడుస్తుంది. 88వ కీర్తన మాత్రం ఆ చివరి మెట్టు ఎక్కదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవారు గానీ, ఆరాధన పుస్తకంలో చేర్చినవారు గానీ దానికి ఊరటనిచ్చే ముగింపు అతికించలేదు. ఓదార్పు దొరకని ప్రార్థన కూడా ప్రార్థనే అని ఆ ఒక్క కీర్తన చెప్పినంత గట్టిగా చెప్పగల ప్రసంగాలు అరుదు.

విలాపవాక్యములు అనే చిన్న గ్రంథం క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోనీయులు యెరూషలేమును కూల్చేసిన తర్వాతి శోకగీతాల సంపుటి. అందులోని ఐదు అధ్యాయాల్లో మొదటి నాలుగు హీబ్రూ భాషలోని 22 అక్షరాల వరుసలో సాగుతాయి. గుండె పగిలినవాడికి అక్షరక్రమంతో పనేమిటనిపించవచ్చు. కానీ దుఃఖానికి ఒక వరుస, ఒక లయ కుదిరితేనే నలుగురూ గొంతు కలపగలుగుతారు. మన పల్లెల్లో చావు ఇంట రాగం తీసి, పోయినవాడి గుణగణాలు తలచుకుంటూ ఏడ్చే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు.

యోబు కథలో ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చుంటారు. ఒక్కరూ నోరెత్తరు. వారు చేసిన మంచి పని అదే. నోరు విప్పిన దగ్గర నుంచి నీ కష్టానికి నీ పాపమే కారణమని వాదిస్తూ పోతారు. తన గురించి సరిగా మాట్లాడలేదని చివరి అధ్యాయంలో దేవుడు కోపగించుకునేది ఆ స్నేహితుల మీదే. అరిచి, నిలదీసి, తాను పుట్టిన దినాన్నే శపించుకున్న యోబు చేత వారి కోసం ప్రార్థన చేయిస్తాడు. పరామర్శకు వెళ్లేవారందరూ ఒకసారి చదవవలసిన పుస్తకం అది.

సంతోషం విషయంలోనూ పాత నిబంధన అంతే సూటిగా ఉంటుంది. పండుగనాడు సంతోషించడం ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ. అయితే ఆ సంతోషం ఎవరెవరితో కలిసి చేయాలో కూడా అక్కడే జాబితా ఉంది: కొడుకులు, కూతుళ్లు, పనివాళ్లు, లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు. నెహెమ్యా కాలంలో ధర్మశాస్త్రం విని జనం ఏడుస్తుంటే, ఇది పండుగ దినం, వెళ్లి తినండి, ఏమీ వండుకోలేనివారికి వాటా పంపండి అని పెద్దలు చెబుతారు. విధవరాలిని వాకిట్లో నిలబెట్టి లోపల జరుపుకొనే వేడుకను బైబిలు పండుగగా లెక్కించదు.

యేసు, పౌలు

యోహాను సువార్తలో యేసు చేసిన మొదటి సూచకక్రియ కానా ఊరి పెళ్లిలో జరుగుతుంది. విందులకు వెళ్లడం ఆయనకు ఎంత అలవాటంటే తిండిపోతనీ తాగుబోతనీ గిట్టనివాళ్లు అన్నారని లూకా రాశాడు. అదే సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, ఇల్లు విడిచిన కొడుకు అని మూడు ఉపమానాలున్నాయి. దొరికిన ప్రతిసారీ ఇరుగుపొరుగును పిలిచి పంచుకొనే సంతోషమే వాటి ముగింపు.

బేతనియలో స్నేహితుడు లాజరు చనిపోయి నాలుగు రోజులైన తర్వాత యేసు అక్కడికి వస్తాడు. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. అయినా లాజరు సోదరి మరియ ఏడవడం చూసి తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఈ ఘట్టాన్ని క్రైస్తవులు ఎంతో ఇష్టంగా తలచుకుంటారు. కొద్ది క్షణాల్లో తుడిచివేయబోయే దుఃఖాన్ని కూడా ఆయన చిన్నచూపు చూడలేదు. పునరుత్థానం ఉంది కదా, ఏడుపెందుకు అని చావు ఇంట గద్దించేవారికి ఇంతకు మించిన జవాబు అక్కరలేదు. గెత్సేమనే తోటలో తన ప్రాణం మరణమంత దుఃఖంలో ఉందని ఆయన శిష్యులతో చెప్పుకున్నాడు, తోడుగా మేలుకొని ఉండమని అడిగాడు. సిలువ మీద 22వ కీర్తనలోని మొరనే తన మొరగా పలికాడు.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరం సంతోషం గురించి మళ్లీ మళ్లీ ప్రస్తావిస్తుంది. అది సంకెళ్లలో ఉండి రాసిన ఉత్తరం. ఫిలిప్పీలోనే అంతకుముందు ఆయనా, తోటివాడు సీలా బెత్తం దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేసి ఉన్న స్థితిలో అర్ధరాత్రి పాటలు పాడారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అయితే ఆ ఉత్తరం రెండో అధ్యాయంలోనే ఇంకో విషయం ఉంది. పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుకు వెళ్లి కోలుకున్నాడు. అతడు పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం వచ్చిపడేదని, దేవుడు తనను కూడా కనికరించాడని పౌలు ఒప్పుకుంటాడు. ఎప్పుడూ ఆనందించమని రాసిన చేతే ఈ మాటా రాసింది. పౌలు చెప్పిన ఆనందం దుఃఖం లేకపోవడం వల్ల వచ్చింది కాదు.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరంలో, చనిపోయినవారి గురించి నిరీక్షణ లేనివారి మాదిరిగా దుఃఖపడవద్దని ఆయన చెప్పాడు. భూస్థాపన సభల్లో ఈ వాక్యాన్ని సగానికి కోసి, దుఃఖపడవద్దని మాత్రమే చెప్పడం ఒక చెడ్డ అలవాటు. పౌలు వద్దన్నది ఆశ లేని దుఃఖాన్ని. రోమా పత్రిక 12వ అధ్యాయంలో ఏడ్చేవారితో కలిసి ఏడవమనీ, సంతోషించేవారితో కలిసి సంతోషించమనీ చెప్పింది కూడా ఆయనే. వీటిలో రెండోది మొదటిదానికంటే కష్టమని, పక్కింటివాడి మేలు చూసి అసూయ లేకుండా సంతోషించడానికి పెద్ద మనసు కావాలని 4వ శతాబ్దపు బోధకుడు యోహాను క్రిసొస్తొమ్ తన ప్రసంగాల్లో చెప్పాడు.

కష్టానికి కారణం వెతకడం

కష్టం వచ్చినవాడు ఏదో పాపం చేసే ఉంటాడన్న తలంపు చాలా పాతది. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కనే కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు తక్కినవారికంటే పాపులు కారని స్పష్టంగా చెప్పాడు. లోకంలో బాధ ఎందుకుందన్న పెద్ద ప్రశ్నకు వేదాంతులు రకరకాల జవాబులు చెప్పారు: మానవుడి స్వేచ్ఛ, ఆదిపాపం, గుణాన్ని గట్టిపరిచే శిక్షణ. వాటిలో ఏదీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు పలకదగ్గ జవాబు కాదు. ఆ సంగతి తెలిసిన బోధకులు కారణాల జోలికి పోకుండా, బాధపడేవారి పక్కన దేవుడు ఉన్నాడన్న సిలువ సందేశం దగ్గరే ఆగుతారు.

కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరంలో పౌలు రెండు రకాల దుఃఖాలను వేరుచేశాడు. చేసిన తప్పుకు మనసు కరిగి మారడానికి దారితీసేది ఒకటి, మనిషిని లోలోపలే తినేసేది ఇంకొకటి. తర్వాతి క్రైస్తవ ఆలోచనలో చాలాభాగం ఈ తేడా మీదే నడిచింది.

సన్యాసుల నుంచి సంస్కర్తల దాకా

ఈజిప్టు ఎడారిలో బతికి 399లో మరణించిన ఎవాగ్రియస్ మనిషిని పడగొట్టే ఎనిమిది తలపులను లెక్కించాడు. అందులో దిగులు ఒకటి, ఏ పనీ చేయబుద్ధి పుట్టని మధ్యాహ్నపు విసుగు మరొకటి. అదే ఎడారిలో సన్యాసులు పాపాల కోసం కార్చే కన్నీటిని వరంగా భావించారు. 7వ శతాబ్దంలో సీనాయి కొండ మఠాధిపతి యోహాను క్లిమాకస్ తన ఆధ్యాత్మిక నిచ్చెన గ్రంథంలో ఏడో మెట్టును ఇలాంటి శోకానికే కేటాయించి, లోపల ఆనందాన్ని పుట్టించే శోకం అది అన్నాడు. తూర్పు సంఘాల భక్తి ఈనాటికీ ఆ తోవలోనే ఉంది.

387లో ఒస్తియా రేవులో తల్లి మోనికా చనిపోయినప్పుడు అగస్టీను కళ్లు తుడుచుకుని బిగబట్టి కూర్చున్నాడు. విశ్వాసంతో పోయిన తల్లి కోసం ఏడవడం తగదనుకున్నాడు. స్నానం చేస్తే మనసు తేలికపడుతుందని విని స్నానం చేశాడు, ఏమీ లాభం లేకపోయింది. పడుకుని లేచాక అంబ్రోసు రాసిన ఒక పాట గుర్తొచ్చి, ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. ఇదంతా తన ఒప్పుకోళ్ల గ్రంథంలో దాచుకోకుండా రాశాడు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత థామస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో దుఃఖానికి ఉపశమనాలేవో చర్చిస్తూ ఐదు చెప్పాడు: ఏదైనా ఇష్టమైన విషయం, ఏడుపు, స్నేహితుల సానుభూతి, సత్య చింతన, చివరగా నిద్ర, స్నానం. స్నేహితుల గురించి ఆయన చెప్పిన కారణాలు బాగుంటాయి. దుఃఖం ఒక బరువు, పక్కన ఇంకొకరు చేయి వేస్తే తేలికైనట్టు తోస్తుంది. దానికి మించి, తన కోసం బాధపడేవారున్నారని చూసినప్పుడు తనను ప్రేమించేవారున్నారని మనిషికి తెలుస్తుంది. దేవదూతల స్వభావం గురించి అంత సూక్ష్మంగా వాదించిన పండితుడు వేణ్ణీళ్ల స్నానానికీ కంటినిండా నిద్రకూ చోటివ్వడం క్రైస్తవ ఆలోచన శరీరాన్ని ఎంత గౌరవించిందో చూపిస్తుంది.

అస్సీసీ ఫ్రాన్సిస్ 1225లో కళ్లజబ్బుతో వెలుతురు చూడలేని స్థితిలో సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, నీళ్లను తోబుట్టువులని పిలుస్తూ స్తుతిగీతం కట్టాడు. మరుసటి ఏడు చనిపోయే ముందు మరణాన్ని కూడా చెల్లెలిగా అందులో చేర్చాడు.

మార్టిన్ లూథర్ కూతురు మగ్దలేనా 1542లో 13వ ఏట చనిపోయింది. తనూ భార్యా దేవునికి కృతజ్ఞతలు చెప్పవలసింది పోయి ఏడుపు ఆపుకోలేకపోతున్నామని, క్రీస్తు మరణం కూడా ఆ బాధను తీయలేకపోతోందని ఆయన ఒక మిత్రుడికి రాశాడు. సంస్కరణోద్యమ నాయకుడు అంత మాట రాయడానికి సంకోచించలేదు. స్టోయిక్కుల రాతి గుండె క్రైస్తవుడికి తగదని జాన్ కాల్విన్ కూడా రాశాడు. 1563 నాటి హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరావళి మొదటి ప్రశ్న బతుకులో, చావులో మనిషికి ఆదరణ ఏమిటన్నది. 1647 నాటి వెస్ట్‌మినిస్టర్ సంక్షిప్త ప్రశ్నోత్తరావళి మొదటి జవాబు ప్రకారం మనిషి పుట్టింది దేవుణ్ణి మహిమపరచడానికి, ఆయనలో ఎల్లకాలం ఆనందించడానికి. ఒకటి ఆదరణతో, ఇంకొకటి ఆనందంతో మొదలవడం గమనించదగ్గది.

అమెరికాలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు కట్టుకున్న భక్తిగీతాలు ఈ చరిత్రలో వేరే అధ్యాయానికి తగినవి. 1871 నుంచి ఫిస్క్ జూబిలీ సింగర్స్ వాటిని ఊరూరా పాడి లోకానికి వినిపించారు. డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ 1903 నాటి తన పుస్తకం చివరి అధ్యాయాన్ని ఆ శోకగీతాలకే అంకితం చేశాడు. కొరడా దెబ్బ కింద పుట్టిన ఆ పాటల్లో ఏడుపు ఎక్కడ ఆగి ఆశ ఎక్కడ మొదలవుతుందో విడదీయలేం.

20వ శతాబ్దపు రచయిత సి. ఎస్. లూయిస్ 1955లో ఆనందం కోసం తన వెతుకులాటను ఆత్మకథగా రాశాడు. 1960లో భార్య చనిపోయాక తన శోకాన్ని, దేవునిపై కోపాన్ని దాచకుండా చిన్న పుస్తకంగా రాసి 1961లో మారుపేరుతో అచ్చువేశాడు. రెండూ కలిపి చదివితే ఒకే విశ్వాసపు రెండు ముఖాలు కనిపిస్తాయి. 1965లో రెండో వాటికన్ మహాసభ ఆధునిక ప్రపంచంలో సంఘం గురించి వెలువరించిన పత్రం, ఈ కాలపు మనుషుల సంతోషాలు, దుఃఖాలే, ముఖ్యంగా పేదలవే, క్రీస్తు అనుచరులవి కూడా అంటూ మొదలవుతుంది.

తెలుగు నేల మీద

తెలుగు క్రైస్తవంలో సామూహిక జ్ఞాపకంగా నిలిచిన సంతోషాలు కొన్ని ఆకలి రోజుల్లో పుట్టాయి. 1876-78 మహాకరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయ పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో కన్నవాళ్లను, పిల్లలను పాతిపెట్టి వచ్చినవారు ఎందరో. ఊరి బావి దగ్గరికి రానివ్వని లోకంలో ఒకే నీటిలో దిగి కొత్త పేరుతో పైకి రావడం వారికి ఎంత సంతోషమో ఊహించుకోవాలంటే ముందు వారు మోసుకొచ్చిన దుఃఖాన్ని తలచుకోవాలి. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ కూడా, కరువు రోజుల్లో పని కల్పించి తిండి పెట్టిన నిర్మాణంగానే ఆ ప్రాంతపువారి నోట నిలిచింది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెలుగు ప్రొటెస్టంట్ల భావోద్వేగాల నిఘంటువు వంటిది. ప్రతి కీర్తనకూ పైన రాగం, తాళం ఉంటాయి. పెద్దతరంవారు పాటను పల్లవితో కాకుండా నంబరుతో గుర్తుపెట్టుకుంటారు. పండుగకు, శ్రమకాలానికి, పెళ్లికి, భూస్థాపనకు వేరువేరుగా కీర్తనలున్నాయి. 19వ శతాబ్దపు కవి పురుషోత్తమ చౌదరి రచనలు వీటిలో ముఖ్యమైనవి. పశ్చాత్తాపాన్ని, వేడికోలును కర్ణాటక రాగాల్లో పలికించడం వల్ల దిగుమతి బాణీలకు లేని ఆర్ద్రత వాటికి వచ్చింది. ఈమధ్య చాలా సంఘాల్లో కీబోర్డు, డ్రమ్స్ మధ్య వేగంగా సాగే స్తుతిపాటలే మిగిలి, ఆ మెల్లని పాటలు చావు ఇంటికే పరిమితమవుతున్నాయి. ఇది నష్టమే. పదిమంది కూర్చుని మామూలు ఆదివారం నాడు బాధను పాడుకోగల అవకాశం తగ్గిపోతోంది.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ (1895-1971) తన గబ్బిలం కావ్యంలో అంటరానివాడి కన్నీటిని కాశీలోని శివునికి సందేశంగా పంపాడు. ఆయన క్రీస్తు చరిత్ర 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. మనిషి దుఃఖాన్ని దేవుని వాకిట్లో పెట్టి నిలదీసే ఆ గొంతుకు, కీర్తనల గ్రంథంలోని మొరలకు దగ్గరి చుట్టరికం ఉంది.

పండుగల వరుస

సంఘ సంవత్సరం సంతోషాన్నీ దుఃఖాన్నీ ఏడాది పొడవునా పంచుతుంది. డిసెంబరులో ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి, రాత్రిళ్లు యువకులు ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు, సెమీ క్రిస్మస్ సభలు జరుగుతాయి. ఫిబ్రవరి, మార్చిలో భస్మ బుధవారంతో శ్రమకాలం మొదలవుతుంది. ఆ నలభై రోజులు చాలా సంఘాల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. మట్టల ఆదివారం ఊరేగింపు తర్వాత వారం తిరగకుండానే గుడ్ ఫ్రైడే వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువపై యేసు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ఒక్కో మాట తీసుకుని ప్రసంగిస్తారు. కతోలికులు సిలువ మార్గం నడుస్తారు. ఎవరికీ వ్యక్తిగతంగా ఏ కష్టమూ లేకపోయినా అందరూ కలిసి దుఃఖంలో కూర్చునే రోజు అది. ఇంట్లో బాధ ఉన్నవారికి ఆ రోజు ఒంటరితనం ఉండదు.

ఈస్టరు తెల్లవారుజామున చాలా ఊళ్లలో జనం కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల దొడ్డికి వెళతారు. నవంబరు 2న సమాధుల పండుగ చేసే ఊళ్లలో ముందురోజే సమాధులకు సున్నం వేసి, పేర్లు మళ్లీ దిద్దుతారు. చనిపోయినవారి పక్కన కూర్చుని పిల్లలకు తాత కబుర్లు చెప్పే ఆ సాయంత్రంలో ఏడుపూ నవ్వూ రెండూ వినిపిస్తాయి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల మాత ఉత్సవాలకు వచ్చే జనంలో క్రైస్తవేతరులు కూడా చాలామంది. బిడ్డ కోసం, జబ్బు నయం కోసం మొక్కుకునేవారు, మొక్కు తీరి తలనీలాలు ఇచ్చేవారు ఒకే మెట్ల మీద పక్కపక్కనే నడుస్తారు. పంట చేతికొచ్చాక జరిగే కోత పండుగలో ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి వేలం వేస్తారు.

ఇంట్లో, సంఘంలో

తెలుగు క్రైస్తవ కుటుంబంలో సంతోషం వస్తే కృతజ్ఞత కూడిక పెడతారు. బిడ్డ పుట్టినా, ఉద్యోగం వచ్చినా, కొత్త ఇల్లు కట్టినా పాస్టరు గారినీ సంఘాన్నీ పిలిచి, ప్రార్థన చేయించి భోజనం పెడతారు. దుఃఖం వస్తే ఆదరణ కూడిక. మనిషి పోయిన రాత్రి శవం పక్కన తెల్లవార్లూ పాటలు పాడతారు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో పిల్లలు రావలసి ఉంటే ఫ్రీజర్ బాక్సులో ఉంచి ఎదురుచూస్తారు. రాలేనివారు ఫోన్లో చూస్తూ ఏడుస్తారు. పెట్టెను గుంతలోకి దించాక ఒక్కొక్కరూ పిడికెడు మన్ను వేస్తారు. ఫలానావారు ప్రభువునందు నిద్రించారని చెప్పుకోవడం, రాతి మీద అలాగే చెక్కించడం వాడుక.

వీటన్నిటికంటే నిత్యజీవితానికి దగ్గరగా ఉండేది ప్రార్థన విన్నపాలు అడిగే సమయం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఒకామె భర్త తాగుడు గురించి, ఒకామె కూతురి సంబంధం గురించి, ఇంకొకామె అప్పు గురించి చెబుతుంది. పాస్టరమ్మగారు అన్నీ పేరుపేరునా ఎత్తి ప్రార్థన చేస్తారు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న కట్టుబాటున్న సమాజంలో, సిగ్గుపడకుండా కష్టం చెప్పుకోగల చోటు ఆడవాళ్లకు అదొక్కటే అయిన సందర్భాలు ఎన్నో. ఆ చోటు నిలవాలంటే అక్కడ విన్న మాట అక్కడే ఉండాలి. అది కాపాడలేని సంఘంలో విన్నపాలు త్వరలోనే పొడి మాటలైపోతాయి.

సాక్ష్యం చెప్పే పద్ధతిలో మేలూ ఉంది, చిక్కూ ఉంది. కష్టం తీరినవాడే లేచి నిలబడి సాక్ష్యం చెబుతాడు. ప్రార్థించాను, జబ్బు తగ్గింది, వీసా వచ్చింది అని చెబితే విన్నవారికి ధైర్యం కలుగుతుంది. ప్రార్థించినా జబ్బు తగ్గనివాడు లేవడు. అతని విశ్వాసం తక్కువదేమీ కాదు, చెప్పుకోవడానికి అతనికి చోటు లేదంతే.

వివాదాలు

సంపద, ఆరోగ్యం విశ్వాసానికి ప్రతిఫలమని చెప్పే బోధ గత కొన్ని దశాబ్దాల్లో టీవీ ద్వారా, పెద్ద సభల ద్వారా తెలుగునాట బాగా వ్యాపించింది. పేదవాడికి అది ఆశ ఇస్తుందని దాన్ని సమర్థించేవారున్నారు. ఆ ఆశ తీరనప్పుడు నిందంతా అతని మీదే పడుతుంది. జబ్బు ఒక బాధ, విశ్వాసం చాలలేదన్న అవమానం రెండో బాధ. యోబు స్నేహితుల వాదనకు ఇది కొత్త రూపం తప్ప మరొకటి కాదు.

అన్ని దుఃఖాలూ మనసులో పుట్టేవి కావన్న విషయంలో దళిత క్రైస్తవ వేదాంతులు గట్టిగా మాట్లాడారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవం స్వీకరిస్తే షెడ్యూల్డు కులాల హోదా కోల్పోతాడు. సంఘం లోపల కులం పోలేదు, కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్డిలో కూడా గీతలున్నాయి. ఇలాంటి బాధకు ఓర్పును మాత్రమే మందుగా చెప్పడం ప్రవక్తల బోధకు విరుద్ధం. ఐగుప్తులో బానిసల మూలుగు దేవుడు విన్నాడని నిర్గమకాండము చెబుతుంది. విని ఊరుకోలేదు, వారిని బయటికి తెచ్చాడు.

మనోవ్యాధి విషయంలో జరుగుతున్న పొరపాటు ప్రాణాల మీదికి తెస్తోంది. డిప్రెషన్‌ను అవిశ్వాసమనో దయ్యమనో భావించి మందులు మాన్పించే బోధకులు నేటికీ ఉన్నారు. ఆంగ్ల కీర్తనకారుడు విలియం కౌపర్ (1731-1800) జీవితమంతా ఈ జబ్బుతో బాధపడ్డాడు, ఎన్నోసార్లు ఆత్మహత్యకు ప్రయత్నించాడు, దేవుడు తనను తోసివేశాడని నమ్మాడు. అలాంటివాడే మిత్రుడు జాన్ న్యూటన్‌తో కలిసి 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనలు రాశాడు. న్యూటన్ అతణ్ణి తన ఇంట్లో నెలల తరబడి ఉంచుకుని చూసుకున్నాడు. 19వ శతాబ్దంలో లండన్‌లో వేలమందికి బోధించిన చార్లెస్ స్పర్జన్ తన దిగులు గురించి వేదిక మీదనే మాట్లాడాడు. వీరి విశ్వాసాన్ని శంకించేవారు లేరు.

కాబట్టి పాస్టర్లకు, సంఘ పెద్దలకు, పరామర్శకు వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. చావు ఇంట్లో ప్రసంగం పొట్టిగా ఉండనివ్వండి, ఏడ్చేవారిని ఏడవనివ్వండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని మీద ఆసక్తి తిరిగి రానివారిని ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి, చావు తలపులు చెబితే ఒక్కరోజు కూడా ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు చర్చి నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి.